నుదుటి సైనస్‌కు ఎముక అంటు: కుట్లు మానిన పదేళ్లకు తేలే లెక్క

నుదుటి ఎముక చితికి ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఇంటికి రాగానే చూడవచ్చినవాళ్ల కళ్లు ముందు నుదుటి మీదికే పోతాయి. సొట్ట లేదు, కుట్లు మానాయి, మాటలో తేడా లేదు, గండం గడిచిందంటారు. గడిచిన మాట నిజమే. కానీ నుదుటి లోపల గాలి నిండి ఉండే ఖాళీకి, అంటే ఫ్రాంటల్ సైనస్‌కు దెబ్బ తగిలినప్పుడు, ఆపరేషన్ నిలిచిందో లేదో మొదటి నెల చెప్పలేదు, మొదటి ఏడాదీ చెప్పలేదు. ఆ ఖాళీలో చిక్కుకుపోయిన చిన్న పొర ముక్క ఐదేళ్లకో పదేళ్లకో, ఒక్కోసారి 20, 30 ఏళ్లకో ఉబ్బి కంటిగుడ్డును పక్కకు నెట్టొచ్చు, మెదడు పొరల దాకా చీము పాకించొచ్చు. అందుకే ఎముక అంటు వేసినవాళ్ల గురించీ, కొవ్వు నింపినవాళ్ల గురించీ, టైటానియం జాలీ బిగించినవాళ్ల గురించీ వచ్చిన వైద్య రచనలను పక్కపక్కన పెట్టుకుని చదివేటప్పుడు నేను ముందు విజయ శాతం చూడను. రోగులను ఎన్నేళ్లు చూశారో చూస్తాను.

నూజివీడు మామిడి సీమకు ఈ గాయం కొత్తది కాదు. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టర్ కాయల కోతలు సాగే ఏప్రిల్, మే, జూన్ నెలల్లో ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట దారులు రాత్రీ పగలూ నిండి ఉంటాయి. కాయ ఎక్కించుకున్న ట్రాక్టర్లు, బొలెరోలు విజయవాడ పక్కనున్న నున్న మార్కెట్‌కు పోతుంటాయి. వెనక దీపం వెలగని ట్రక్కును చీకట్లో పోల్చుకోలేక బైకు మీదివాడు గుద్దుకుంటాడు. హెల్మెట్ లేకపోతే ముందు తగిలేది నుదురే. చిక్కం కర్రకు అందని పైకొమ్మ కోసం చెట్టెక్కి జారిపడ్డవాళ్ల సంగతి వేరే చెప్పాలా? 2022 ఏప్రిల్‌లో నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది గానీ, తలకు పెద్ద దెబ్బ తగిలితే ఇక్కడివాళ్లలో చాలామంది చూపు విజయవాడ వైపే. అక్కడ సీటీ స్కాన్ తీస్తారు. న్యూరోసర్జన్, ఈఎన్‌టీ డాక్టరు, ముఖం ఎముకల సర్జన్ చూస్తారు. ఏ పద్ధతిలో బాగుచేయాలన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెప్పుకోవాలి. కనుబొమలకు కాస్త పైన, నుదుటి ఎముకలో రెండు గోడల మధ్య ఉన్న ఖాళీ అది. ముందు గోడ దళసరి. ముఖంలో మిగతా ఎముకలకంటే ఎక్కువ దెబ్బకు ఓర్చుకుంటుంది. ముఖం ఎముకలు విరిగినవాళ్లలో సుమారు 5 నుంచి 15 శాతం మందికే ఇక్కడ విరుగుతుందంటే కారణం అదే. విరిగిందంటే దెబ్బ చాలా గట్టిదని కూడా అర్థం. వెనక గోడ పలచన, దాన్ని ఆనుకునే మెదడు పొర ఉంటుంది. అడుగున ముక్కులోకి దిగే సన్నని దారి ఒకటి ఉంది. సైనస్ లోపలి పొరలో ఊరే జిగురంతా ఆ దారినే పోవాలి. ముందు గోడ కుంగితే రూపం చెడుతుంది. వెనక గోడ చీలితే మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచి కారొచ్చు. అడుగు దారి మూసుకుపోతే మాత్రం ఆ పూటకు ఏమీ కనిపించదు. ఏళ్ల తర్వాత వచ్చే కీడంతా దాదాపు అక్కడి నుంచే వస్తుంది.

ఇంకో చిక్కు వెనక గోడలో ఉంది. నెత్తుటి నాళాలు దూరే సన్నని రంధ్రాలు అక్కడ చాలా ఉంటాయి. వాటిని బ్రెషె రంధ్రాలంటారు. జిగురు ఊరించే పొర ఆ రంధ్రాల్లోకి కూడా చొచ్చుకుని ఉంటుంది. కాబట్టి సైనస్‌ను మూసేయదలిస్తే పొరను పైపైన గీకి తీస్తే చాలదు. పెద్దది చేసి చూపే కటకం కింద, డ్రిల్లుతో లోపలి ఎముకను కూడా ఒక పొర అరగదీయాలి. ఈ పని ఓపికగా చేశారా లేదా అన్నది ఏ పట్టికలోనూ ఒక గడిగా ఉండదు. అయినా ఫలితాల్లో సగం అక్కడే నిర్ణయమవుతుందని నా నమ్మకం.

ఇప్పుడు ఎముక అంటు. ఈ ఒక్క పేరు కింద నిజానికి రెండు వేరు వేరు పనులున్నాయి. చర్చలు చాలావరకు గందరగోళంగా ఉండటానికి ఆ రెంటినీ కలిపేయడమే మూలం. మొదటిది, పొడి అయిపోయిన ముందు గోడ స్థానంలో కొత్త గోడ నిలపడం. దీనికి పుర్రె ఎముక పై పలకనో, పక్కటెముకనో చీల్చి తెచ్చి బిగిస్తారు. ఫలితాన్ని నుదుటి తీరు చూసి చెప్పొచ్చు. రెండోది, సైనస్ మొత్తాన్నీ రద్దు చేసి, పొర తీసి, అడుగు దారికి బిరడా వేసి, ఖాళీని తుంటి ఎముక గుజ్జుతోనో పుర్రె ఎముక పొడితోనో పూడ్చడం. దీని ఫలితం బయటి నుంచి కనపడదు. మ్యూకోసీల్ వచ్చిందా, అంటే చిక్కుకుపోయిన పొర చుట్టూ జిగురు సంచి కట్టిందా అన్నదే దీనికి పరీక్ష. నుదుటి గోడకు అంటు వేసి నూటికి తొంభై అయిదు మంది బాగున్నారని ఒక రచయిత రాస్తే, ఆ మాటను పూడ్చివేతకు అన్వయించుకోవడం తప్పు. రెండు పనులకూ వాడింది ఎముకే కావచ్చు. వాటి శత్రువులు వేరు.

పూడ్చే ఆలోచన పుట్టడానికి వెనక ఓ కష్టమైన చరిత్ర ఉంది. 1898లో రీడెల్ అనే జర్మన్ వైద్యుడు చీముపట్టిన సైనస్‌కు ముందు గోడనూ అడుగునూ పూర్తిగా తీసేశాడు. జబ్బు పోయింది, నుదురు గుంట పడింది. 1904లో కిలియన్ కనుబొమ గట్టును కమ్మీలా మిగిల్చి ఆ వికారాన్ని కొంత తగ్గించాడు. 1958లో బోస్టన్‌లో గుడేల్, మాంట్‌గోమరీ ముందు గోడను తలుపులా తెరిచి, లోపలి పొర తీసి, పొట్ట దగ్గరి కొవ్వు నింపి, మళ్లీ తలుపు మూసే పద్ధతిని స్థిరపరిచారు. నుదుటి తీరు చెడలేదు. అక్కడి నుంచి రెండు మూడు దశాబ్దాలు కొవ్వుదే రాజ్యం.

1976లో హార్డీ, మాంట్‌గోమరీ 250 ఆపరేషన్ల లెక్క ప్రచురించారు. ఆ రోజులకు అది అపురూపమైన ఓపిక. రోగులను ఏళ్ల తరబడి చూశారు. చదివితే గౌరవం కలుగుతుంది. అయితే విమర్శకుడు ఆగాల్సిన చోటు ఒకటుంది. ఆ 250లో ఎక్కువమంది దీర్ఘకాలపు సైనస్ జబ్బుతో వచ్చినవాళ్లు, ఎముక విరిగి వచ్చినవాళ్లు కారు. జబ్బు సైనస్‌లో గోడలు నిండుగా ఉంటాయి, కొవ్వుకు నాలుగు వైపులా నెత్తురు అందుతుంది. బైకు మీంచి ఎగిరిపడి గోడ పది ముక్కలైన మనిషి సంగతి అది కాదు. గోడ ముక్కలే నెత్తురు అందక చచ్చే స్థితిలో ఉన్నప్పుడు, వాటి మధ్య పెట్టిన కొవ్వుకు ప్రాణం ఎవరు పోస్తారు? కొవ్వు కీర్తి ఒక జబ్బులో సంపాదించుకున్నది. దాన్ని ఇంకో గాయానికి అప్పుగా ఇచ్చేశారు.

కొవ్వు లోపల ఏమవుతుందో 2000లో జర్మనీ నుంచి వెబర్ బృందం చూపించింది. కొవ్వుతో పూడ్చిన 82 ఆపరేషన్లను ఎంఆర్ఐతో వెంటాడారు. కాలం గడిచేకొద్దీ కొవ్వు కరిగిపోతూ వచ్చింది. సగం కావడానికి పట్టిన కాలం సుమారు 15 నెలలని లెక్కగట్టారు. దాని స్థానంలో నార కణజాలం వచ్చింది. ఎంఆర్ఐ తీసినవాళ్లలో సుమారు పదిమందికి ఒకరికి మ్యూకోసీల్ బయటపడింది, అందులో బాధ ఏమీ చెప్పనివాళ్లూ ఉన్నారు. ఈ రచనలో నాకు అన్నిటికంటే విలువగా కనిపించింది ఆ చివరి మాట. రోగి బాగున్నానంటాడు, లోపల సంచి పెరుగుతూ ఉంటుంది. అంతకుముందు నలభై ఏళ్ల రచనల్లో రోగి చెప్పిన మాటనే ఫలితంగా రాసుకున్నవి ఎన్నో.

ఎముక పక్షం వాళ్లు ఎక్కువగా ఆధారపడేది 2008లో అమెరికాలోని బాల్టిమోర్ నుంచి రోడ్రిగెజ్, ఆయన సహచరులు ప్రచురించిన 26 ఏళ్ల అనుభవం మీద. మొత్తం 1097 మంది నుదుటి సైనస్ విరిగినవాళ్లు. వాళ్లలో 87 మంది చనిపోయారు, 153 మంది వివరాలు సరిపోలేదు. మిగిలిన 857 మంది మీద లెక్క. 504 మందికి ఆపరేషన్, 353 మందిని ఆపరేషన్ లేకుండా గమనించారు. ఆపరేషన్ అయినవాళ్లలో 10.4 శాతానికి, గమనించినవాళ్లలో 3.1 శాతానికి చిక్కులొచ్చాయి. ఆ చిక్కుల్లో ఒక్కటి తప్ప అన్నీ అడుగు దారి దెబ్బతిన్నవాళ్లకే. దారి మూసుకుపోయినవాళ్లలో పూడ్చివేతకు 9 శాతం, క్రేనియలైజేషన్‌కు, అంటే వెనక గోడ తీసేసి ఆ ఖాళీని మెదడుకు వదిలే పద్ధతికి, 10 శాతం చిక్కులు. కొవ్వుతో పూడిస్తే 22. పొర తీసి ఖాళీగా వదిలి, ఎముక దానంతటదే పెరిగి నింపుతుందని ఆశపడిన పద్ధతికి 42.9.

ఈ పట్టికను చదివి ఎముక గెలిచిందనేవాళ్లున్నారు. నేను అంత తొందరపడను. 9 శాతాన్ని నేరుగా ఎముక ఖాతాలో జమ చేయకూడదు, అది పూడ్చివేత మొత్తానికి చెందిన సంఖ్య. 42.9 లాంటి సంఖ్య చిన్న గుంపులో తేలిగ్గా వస్తుంది. ఏడుగురిలో ముగ్గురికి తేడా చేసినా ఇదే శాతం. గమనించినవాళ్లకు చిక్కులు తక్కువ రావడంలో వింత లేదు, వాళ్ల గాయం మొదట్లోనే తేలిక. రోగులను చీటీ తీసి గుంపులుగా విడదీసిన అధ్యయనం కాదిది. ఎవరికి ఏది చేయాలో సర్జనే నిర్ణయించాడు. ఇన్ని మినహాయింపులు చేసుకున్నాక కూడా చెక్కుచెదరని నిజం ఒకటి మిగులుతుంది. చిక్కులొచ్చిన వాళ్లలో ఒక్కరు తప్ప అందరికీ అడుగు దారి చెడిపోయి ఉంది. ఏ సరుకుతో పూడ్చారన్నదానికంటే దారి సంగతి ముందే కనిపెట్టారా అన్నది పెద్ద ప్రశ్న అని ఆ పట్టిక చెబుతోంది. బాల్టిమోర్ రచనను నేను పైన పెట్టేది అందుకే.

అయినా సరుకు లెక్కలోకి రాదని కాదు. అంటు లోపల ఎలా బతుకుతుందో తెలిస్తే ఎముక బలమూ బలహీనతా రెండూ తెలుస్తాయి. నూజివీడు రైతుకు అంటు సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. టెంక మొక్క మీద కట్టిన చిన్నరసం కొమ్మ బెరడు కింది పచ్చిపొరలు కలిసి అతుక్కుంటుంది; ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఆ కొమ్మ చిన్నరసమే కాస్తుంది. కింది మొక్క దాన్ని పోషిస్తుంది గానీ మార్చదు. ఎముక అంటు నడక దీనికి పూర్తిగా తలకిందులు. తెచ్చి పెట్టిన ఎముకలోని కణాల్లో ఎక్కువ భాగం కొద్ది రోజుల్లోనే చనిపోతాయి. చుట్టూ ఉన్న బతికిన ఎముక నుంచి కొత్త నాళాలు లోపలికి పాకుతాయి, వాటి వెంట వచ్చే కణాలు పాత ఎముకను కొంచెం కొంచెంగా తినేస్తూ, వెనకనే కొత్తది పరుస్తూ పోతాయి. అంటే ఎముక అంటు గెలవడమంటే తాను మాయమై, రోగి సొంత ఎముకకు చోటివ్వడం. గుజ్జులాంటి ఎముకకు ఈ మార్పిడి వారాల్లో మొదలవుతుంది. గట్టి ఎముకకు నెలలు, ఏళ్లు పడుతుంది. తినడం పరవడాన్ని మించితే అంటు అరిగిపోతుంది. నుదుటి మీద రెండో ఏట కనిపించే కొత్త సొట్ట అదే. నెత్తురు లేని చోట పెట్టినా, చీము ఉన్న చోట పెట్టినా మార్పిడి మొదలే కాదు, అంటు చచ్చిన ముక్కగా మిగిలి చీముకు ఇల్లవుతుంది.

ఏ ఎముక తక్కువ అరుగుతుందన్న చర్చ ఒకటి ఏళ్ల తరబడి నడిచింది. 1982లో పారిస్ సర్జన్ పాల్ టెస్సియే పుర్రె ఎముకను చీల్చి ముఖానికి వాడే పద్ధతిని వివరంగా రాశాడు. మరుసటి ఏడాదే జిన్స్, విటేకర్ పొర నుంచి పుట్టే ఎముక, అంటే పుర్రె ఎముక, తుంటి ఎముకకంటే తక్కువ అరుగుతుందని ప్రయోగాల ఆధారంగా చెప్పారు. చాలామంది దాన్ని సూత్రంలా పట్టుకున్నారు. 1998లో ఒజాకీ, బుక్‌మన్ దాన్ని సరిదిద్దారు: పుట్టుక కాదు, గట్టి పొర ఎంత, గుజ్జు ఎంత అన్నదే అరుగుదలను నిర్ణయిస్తుందన్నారు. ఈ రెండు వాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే రెండోదే సర్జన్ చేతికి పనికొచ్చే వాదమని నాకనిపిస్తుంది. గోడకు గట్టి పలక కావాలి, అరగకూడదు. పూడ్చడానికి గుజ్జు కావాలి, త్వరగా మారాలి. అందుకే గోడకు పుర్రె, ఖాళీకి తుంటి అనే పంపకం సబబు. దీనికి తోడు, అంటు కదలకుండా చిన్న ప్లేట్లు, స్క్రూలతో గట్టిగా బిగించిన చోట అరుగుదల తగ్గుతుందని 1980ల చివర్లోనే తేలింది. ఆ కాలానికి ముందు తీగతో కట్టి వదిలేసిన అంట్ల ఫలితాలను ఇవాళ్టి ఆపరేషన్లతో పోల్చి ఎముక పనికిరాదనడం న్యాయం కాదు.

రోగి వైపు నుంచి చూస్తే ఎముకకు ఇంకో వెల ఉంది. తుంటి నుంచి ఎముక తీస్తే కొన్ని వారాలు నడక కుంటుతుంది. తొడ పక్కన మొద్దుబారినట్టు ఉండిపోవడం కొందరికి మిగులుతుంది. చెట్టెక్కి, బుట్టలు మోసి బతికే మనిషికి ఇది చిన్న విషయం కాదు. పుర్రె ఎముకకు ఆ బాధ తక్కువ. నుదుటి ఆపరేషన్‌కు తల మీద ఈ చెవి నుంచి ఆ చెవి దాకా పెట్టే కోతలోంచే దాన్ని తీయొచ్చు, మచ్చ జుట్టులో కలిసిపోతుంది. దాని ప్రమాదం వేరు. లోతు తప్పితే మెదడు పొర చిరుగుతుంది. అనుభవం లేని చేతికి అది పని కాదు.

టైటానియం జాలీని ఎముక అంటు పక్కన పెట్టి చూడాలి. ముందు గోడ మాత్రమే పోయి, అడుగు దారి బాగున్న రోగికి జాలీ మంచి మందు. ఇంకో చోట కోత లేదు, అరుగుదల లేదు, ఆపరేషన్ త్వరగా అయిపోతుంది, తర్వాత ఎంఆర్ఐ తీయడానికీ అడ్డు లేదు. మన పల్లెల్లో “తలలో ఇనుప రేకు పెట్టారు, ఎండకు కాలుతుంది” అనే భయం వింటుంటాం. అది నిజం కాదు. కానీ జాలీ బతికిన వస్తువు కాదు. దాని మీది చర్మం పలచనైతే ఎప్పుడో ఒకనాడు బయటపడొచ్చు. కింద చెడ్డ సైనస్ మిగిలితే చీము పట్టిన నాడు దాన్ని తీసేయక తప్పదు. అలాంటి నాడు ఎముక అంటుకు ఒక మేలు ఉంది: సొంత ఎముకగా మారిపోయిన అంటు మందులతో చీమును ఎదుర్కొనగలదు. అక్రిలిక్ సిమెంటు చాలా ముందు నుంచే ఉంది, హైడ్రాక్సీ అపటైట్ సిమెంటు 1990ల్లో ఎంతో ఆశతో వచ్చింది. సైనస్ పొర తగిలే చోట, చీము ముట్టే చోట వాటి అనుభవం బాగాలేదు. ఫిన్లాండ్‌లో తుర్కు వైద్యులు ఒక రకం గాజు రేణువులతో సైనస్‌ను పూడ్చి 2006లో దీర్ఘకాలపు ఫలితాలు ఆశాజనకంగా రాశారు. అది మన దగ్గర మామూలు ఆసుపత్రి సరుకు కాదు కనుక ఇక్కడ ఎక్కువ చెప్పను.

వెనక గోడ కూడా నుజ్జయి, మెదడు పొర చిరిగిన రోగికి వేరే దారి: క్రేనియలైజేషన్. 1978లో డోనాల్డ్, బెర్న్‌స్టైన్ దీన్ని వివరించారు. వెనక గోడను పూర్తిగా తీసేస్తారు, పొరను అరగదీస్తారు, అడుగు దారిని ఎముక ముక్కతోనూ పుర్రె మీది పొరను మడిచి తెచ్చిన రెక్కతోనూ మూసేస్తారు. ముందుకు జరిగిన మెదడే ఆ ఖాళీని నింపుతుంది. ఇక్కడ ఎముక అంటు పని చిన్నదే, బిరడా వేయడం. నెత్తురు నాళాలు తెగకుండా తెచ్చిన ఆ పొర రెక్క అసలు కాపలాదారు. వెనక గోడ గాయాల్లో ఎముక ఫలితాలు బాగున్నాయని రాసిన రచనలు చదివేటప్పుడు, ఆ మంచిలో ఎంత భాగం ఎముకది, ఎంత భాగం రెక్కది అని ప్రతిసారీ అడగాలి. చాలా రచనలు రెంటినీ కలిపే వాడి, పేరు మాత్రం ఎముకకే ఇచ్చాయి.

ఇప్పుడు ఈ పోలికలన్నీ నూజివీడు మనిషికి ఎలా వర్తిస్తాయో చెప్పాలి. బోస్టన్ రోగి ఎనిమిదేళ్లకు కూడా మళ్లీ వచ్చి చూపించుకున్నాడు. కోతల కాలానికి వచ్చి, కాయ అయిపోగానే ఇంకో పనికి పోయే కూలీ తిరిగి రాడు. తోట గుత్తకు తీసుకున్న చిన్న వ్యాపారి మరుసటి ఏడు ఇంకో ఊళ్లో ఉంటాడు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇవాళ్టి ఎన్టీఆర్ వైద్య సేవ, ఇలాంటివాళ్లను ఆపరేషన్ బల్ల దాకా తేగలిగాయి. అది పెద్ద మేలు. పదేళ్ల తర్వాత స్కాన్ దాకా తీసుకొచ్చే ఏర్పాటు మాత్రం ఇంకా లేదు. కాబట్టి ఇక్కడ ఒక పద్ధతిని ఎంచుకునేటప్పుడు ఎంత తరచు చిక్కొస్తుందన్నదే కాదు, చిక్కొస్తే ఏ యంత్రంతో, ఎంత ఖర్చుతో కనిపెట్టొచ్చన్నదీ తూకంలో వేయాలి.

ఇక్కడ ఎముకకు నిజమైన మొగ్గు ఉంది, దీన్ని పాశ్చాత్య రచనలు తగినంతగా నొక్కి చెప్పలేదనిపిస్తుంది. కొవ్వుతో పూడ్చిన సైనస్‌ను సీటీలో చూస్తే కొవ్వేదో, నారేదో, కొత్తగా కడుతున్న జిగురు సంచేదో విడదీసి చెప్పడం కష్టం, ఎంఆర్ఐ కావాలి. ఎముకతో పూడ్చి, అది బాగా మారిన సైనస్ సీటీలో తెల్లగా, ఒకే తీరుగా కనిపిస్తుంది. దాని మధ్య కొత్తగా నల్లటి గుండ్రని ఖాళీ వచ్చిందంటే అనుమానించాలి. మామూలు సీటీ చాలు. విజయవాడలోనూ ఏలూరులోనూ సీటీ తీయించుకోవడం ఎంఆర్ఐకంటే చవక. తన తప్పును తానే తేలిగ్గా చూపించే పద్ధతి దూరపు ఊరి రోగికి ఎక్కువ క్షేమం. సైనస్‌ను పూడ్చక తప్పనప్పుడు నేను కొవ్వుకంటే ఎముక వైపు మొగ్గడానికి ముఖ్యమైన కారణం ఇదే. బాల్టిమోర్ శాతాలు రెండో కారణం.

కానీ పూడ్చాలా అన్న ప్రశ్న అంతకుముందే ఉంది, ఎముక పక్షానికి అన్నిటికంటే గట్టి సవాలు అక్కడి నుంచే వస్తోంది. 1991లో జర్మన్ వైద్యుడు డ్రాఫ్ ముక్కులోంచే నుదుటి సైనస్ దారిని తెరిచే ఆపరేషన్లను వరుసగా వివరించాడు. ఎండోస్కోపులు మెరుగయ్యాక చాలా కేంద్రాల్లో ఆలోచన తిరగబడింది: గోడలు పెద్దగా జరగకపోతే, మెదడు నీరు కారకపోతే, సైనస్‌ను అలాగే ఉంచి కనిపెట్టుకుని ఉందాం, దారి మూసుకుపోతే అప్పుడు ముక్కులోంచి తెరుద్దాం అని. ఒకసారి ఎముకతో నింపేసిన సైనస్‌కు ఆ అవకాశం ఉండదు. పదేళ్లకు మ్యూకోసీల్ వస్తే మళ్లీ తల తెరవాల్సి రావచ్చు, అప్పుడు అంతకుముందు గట్టిపడ్డ ఎముకే అడ్డం. ఈ వాదాన్ని నేను తోసిపుచ్చలేను. ముందు గోడ మాత్రమే కుంగిన యువకుడికి 1980ల అలవాటు ప్రకారం సైనస్ మొత్తం పూడ్చడం ఇవాళ అతి చికిత్స. అయితే కనిపెట్టుకుని ఉండడమన్న మాట అర్థవంతం కావాలంటే రోగి మళ్లీ రావాలి. వచ్చే రోగికి సైనస్ మిగిల్చడం మేలు. మళ్లీ కనిపిస్తాడన్న భరోసా లేని రోగికి, దారి నిజంగా నలిగిపోయి ఉంటే, ఇవాళే ఓపికగా పొర తీసి ఎముకతో పూడ్చడం మేలు. పుస్తకంలో సైనస్ ఆకారాన్ని బట్టి మాత్రమే నిర్ణయం చెబుతారు. మనిషి బతుకు తీరును బట్టి కూడా చెప్పాలని నేను గట్టిగా అనుకుంటున్నాను.

పిల్లల సంగతి వేరు, ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. పుట్టినప్పుడు ఈ సైనస్ ఉండదు. ఆరేడేళ్లకు గానీ స్కాన్‌లో బాగా కనపడదు, పెద్దల పరిమాణానికి రావడానికి పదిహేను దాటుతుంది. వేసవి సెలవుల్లో చెట్టు మీంచి పడ్డ అయిదేళ్ల పిల్లవాడి నుదురు విరిగితే దెబ్బను ఆపే ఖాళీ లేదు గనక అది నేరుగా పుర్రెకూ కంటి పైకప్పుకూ పోతుంది. పిల్లవాడు లేచి ఆడుకుంటున్నా స్కాన్ గురించి డాక్టరును అడగాలి. పెద్దలకోసం రాసిన ఎముక అంటు ఫలితాలు వాళ్లకు వర్తించవు.

ఆపరేషన్ అయినవాళ్ల చేతికిచ్చే డిశ్చార్జి కాగితంలో నాలుగు మాటలు తెలుగులో తప్పక రాసి ఉండాలి: ఏ గోడ విరిగింది, అడుగు దారి తెరిచి ఉంచారా మూసేశారా, ఎముక పెట్టి ఉంటే ఎక్కడి నుంచి తెచ్చి దేనికోసం పెట్టారు, మళ్లీ స్కాన్ ఎప్పుడు. మొదటి స్కాన్ సీడీ ఇంట్లో భద్రంగా దాచాలి, పదేళ్ల తర్వాత స్కాన్‌ను దానితో పోల్చి చూడాలి కాబట్టి. ఒక కన్ను కిందికో బయటికో జరిగినట్టు కనిపించినా, ఒకటి రెండుగా కనపడినా, కనుబొమ పైన వాపు లేచినా, ఒక ముక్కు రంధ్రం నుంచి ఉప్పగా నీళ్లలాంటిది కారినా, జ్వరంతో మెడ పట్టేసినా ఆలస్యం చేయకుండా వెళ్లాలి. ఆపరేషన్ ఏ ఏడాది అయిందో, నుదుట్లో ఏం పెట్టారో అక్కడి డాక్టరు అడగకపోయినా రోగే చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందటి దెబ్బకూ ఇవాళ్టి కంటి వాపుకూ సంబంధం ఉంటుందని కంటి డాక్టరుకైనా వెంటనే తట్టకపోవచ్చు.